పాలు సరిపోతున్నాయా? మొదటి రెండు వారాలు ఇంట్లోనే లెక్క చూసుకోవడం ఎలా

"అక్కా, నాకు పాలు పడలేదు, డబ్బా పాలు మొదలుపెట్టేయనా?" కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో, అదీ అర్ధరాత్రి దాటాక వచ్చే మెసేజ్ ఇది. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. ఈ విషయంలో ఒకసారి బాగా దెబ్బతిన్నదాన్ని.

మా పెద్దది పుట్టినప్పుడు నాలుగో రోజుకల్లా ఇంట్లో అందరూ తేల్చేశారు, ఈ పిల్లకు పాలు లేవని. ఎలా తేల్చారంటే, రొమ్ములు గట్టిపడలేదు, బిడ్డ ఏడుస్తోంది, పిండితే నాలుగు చుక్కలే వచ్చాయి. ఆ మూడింట్లో ఒక్కటి కూడా పాలు లేవనడానికి గుర్తు కాదని చెప్పేవాళ్లు నాకు అప్పుడు లేరు. సీసా పట్టాం. వారం తిరిగేసరికి బిడ్డ రొమ్ము అందుకోవడమే మానేసింది. రెండోవాడి కాన్పుకి వెళ్లినప్పుడు మా అమ్మ గోడ క్యాలెండరులో అయిపోయిన నెల చించి, వెనకవైపు తెల్లకాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. ఉచ్చ పోస్తే నిలువు గీత, దొడ్డికి వెళ్తే సున్నా. ఆరో రోజు రాత్రి వాడు ఎంతకీ ఏడుపు ఆపకపోతే నాకు మళ్లీ పాత భయం పట్టుకుంది. అమ్మ ఆ కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఏడు గీతలు, నాలుగు సున్నాలు. "కడుపులోకి ఏమీ పోకపోతే ఇన్ని ఎక్కణ్నుంచి వచ్చాయే?" అంది.

ఇక్కడ రాసేదంతా ఆ కాగితం గురించే. రొమ్ము చూసి పాలు సరిపోతున్నాయో లేదో చెప్పలేం, ఏడుపు విని చెప్పలేం. లోపలికి ఎంత పోయిందో బయటికి వచ్చినదాన్ని బట్టి, బరువును బట్టి తెలుస్తుంది.

ముందే ఒక మాట. నెలలు నిండి పుట్టి, రెండున్నర కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉందని ఇంటికి పంపిన బిడ్డ గురించి రాస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, కవలలైనా, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పద్ధతే మీకు వర్తిస్తుంది, నా లెక్కలు కాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక పెద్ద కాగితం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కానీ రాత్రి రెండింటికి గుడ్డ మార్చేది మీ అమ్మగారో అత్తగారో అయితే గోడ మీది కాగితమే పనికొస్తుంది.
- పాత నూలు చీర చింపి ఉతికి ఎండబెట్టిన పొత్తిగుడ్డలు, రెండు డజన్లకు తగ్గకుండా.
- డిజిటల్ థర్మామీటరు. చేత్తో నుదురు తాకి చూడటం సరిపోదు.
- ఉగ్గుగిన్నె, లేదంటే అంచు పదునుగా లేని చిన్న స్టీలు గిన్నె, చెంచా. వాడే ముందు నీళ్లలో మరిగించాలి.
- డిశ్చార్జి కాగితం. పుట్టినప్పటి బరువు, ఇంటికి పంపిన రోజు బరువు రెండూ అందులో ఉన్నాయో లేదో ఆసుపత్రిలోనే చూసుకోండి, లేకపోతే రాయించుకోండి.
- మీ ఊరి ఆశ కార్యకర్త ఫోన్ నంబరు.

1. కాగితం మీద పుట్టిన టైము, బరువు రాయండి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బిడ్డ సోమవారం రాత్రి 10కి పుడితే మంగళవారం రాత్రి 10 దాకా మొదటి రోజే. క్యాలెండరు తేదీలతో లెక్కేస్తే ఒక రోజు ముందుకు జరిగిపోయి, మూడు గుడ్డలు తడవాల్సిన చోట రెండే తడిశాయని ఊరికే కంగారుపడతారు.

తర్వాత పుట్టిన బరువులో పదోవంతు తీసేసి ఆ అంకె పక్కనే రాయండి. 2,900 గ్రాములతో పుడితే 2,610. పుట్టిన దాదాపు ప్రతి బిడ్డా మొదటి మూడు నాలుగు రోజులు కొంత బరువు తగ్గుతుంది, అది జబ్బు కాదు. కానీ మీరు రాసుకున్న ఆ అంకె కంటే కిందికి దిగితే అదే రోజు చిన్నపిల్లల డాక్టరు చూడాలి. పదోవంతు దాకా రాకపోయినా, ఈ 2,900 గ్రాముల బిడ్డ 2,700 దగ్గరికి వచ్చిందంటే పాలు పట్టే తీరు ఒకసారి ఎవరికైనా చూపించుకోవడం మంచిది.

2. నోట్లో సరిగ్గా పట్టించండి

దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే పాలు లేవని నాతో అన్నవాళ్లలో ఎక్కువమందికి పాలున్నాయి, బిడ్డ పట్టుకునే తీరే సరిగ్గా లేదు.

మీరు ముందుకు వంగి రొమ్మును బిడ్డ దగ్గరికి తీసుకెళ్లకండి. వీపు గోడకో దిండుకో ఆనించి కూర్చుని బిడ్డను మీ దగ్గరికి తెచ్చుకోండి. బిడ్డ తల, వీపు, నడుము ఒకే వరుసలో, ఒళ్లంతా మీ వైపు తిరిగి, పొట్ట మీ పొట్టకు తగిలేలా ఉండాలి. బిడ్డ వెల్లకిలా పడుకుని మెడ ఒక్కటే పక్కకి తిప్పి తాగుతుంటే, మనం మెడ తిప్పుకుని మంచినీళ్లు తాగితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది దానికి.

చనుమొనతో బిడ్డ పై పెదవిని మెల్లగా తాకించండి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి. సగం తెరిచినప్పుడు తొందరపడి దూర్చేస్తే మొన ఒక్కటే లోపలికి పోయి, మీకు పుండు, దానికి ఆకలి. నోరు పూర్తిగా తెరిచాక ముందు గడ్డం రొమ్ముకు తగిలేలా దగ్గరికి లాక్కోండి. తల వెనక చెయ్యిపెట్టి నెట్టకూడదు, భుజాల దగ్గర పట్టుకోవాలి.

సరిగ్గా పట్టిందని ఎలా తెలుస్తుందంటే నాలుగు చూడండి: నోరు పెద్దగా తెరుచుకుని ఉండాలి, కింది పెదవి బయటికి మడతపడి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆనుకోవాలి, మొన చుట్టూ ఉండే నల్లటి భాగం బిడ్డ పై పెదవి పైన ఎక్కువ, కింది పెదవి కింద తక్కువ కనిపించాలి. మొదటి కొన్ని గుక్కలకు చురుక్కుమనొచ్చు. అర నిమిషం దాటినా నొప్పి తగ్గకపోతే పట్టు తప్పినట్టే. లాగేయకండి. మీ చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పోనిస్తే పట్టు వదులుతుంది, మళ్లీ మొదలుపెట్టండి. పదిసార్లయినా సరే. మొన చిట్లితే చివర్లో వచ్చే రెండు చుక్కల పాలు రాసి ఆరనివ్వండి, సబ్బు పెట్టి కడగకండి.

ఆపరేషన్ అయినవాళ్లకు కుట్ల వల్ల ఇలా కూర్చోవడం కష్టం. మన దగ్గర వీళ్లు తక్కువేం కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. మీరు పక్కకు తిరిగి పడుకుని, బిడ్డనూ మీ వైపు తిప్పి పడుకోబెట్టి పట్టొచ్చు. లేదా బిడ్డను చంకలో కూరల సంచి ఇరికించుకున్నట్టు పక్కన పెట్టుకుని, కాళ్లు మీ వెనకవైపు వచ్చేలా పట్టొచ్చు, పొట్ట మీద బరువు పడదు. పడుకుని పడుతున్నప్పుడు మీకు నిద్ర ముంచుకొస్తుంటే పక్కన ఒక మనిషి మేలుకుని ఉండాలి, ఇది మాత్రం తప్పనిసరి.

3. రోజుకి 8 నుంచి 12 సార్లు

గడియారం చూసి మూడు గంటలకొకసారి అని కూర్చోకండి. చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, నాలుక చప్పరించడం మొదలైందంటే ఆకలి వేసినట్టే. ఏడుపు ఆఖరి గుర్తు, అప్పటిదాకా ఆగితే ఏడుస్తున్న బిడ్డకు పట్టు దొరకదు. మరోవైపు, మొదటి వారంలో బిడ్డ మూడు గంటలు దాటి నిద్రపోతుంటే "పాపం నిద్రపోనీ" అనుకోకుండా లేపండి. చుట్టిన గుడ్డలు విప్పి, అరికాలు మీద వేలితో రాసి, మీ ఒంటికి ఆనించుకుంటే లేస్తుంది. రోజంతా మత్తుగా పడుకునే బిడ్డ బుద్ధిమంతురాలని మురిసిపోయే ఇళ్లు చూశాను, ఒక్కోసారి అది ఓపిక లేక నిద్రపోవడం.

ఒక రొమ్ము దానంతట అది వదిలేదాకా పట్టి, తర్వాత రెండోది అందించండి. తర్వాతిసారి రెండోదానితో మొదలు. ఏ వైపో గుర్తుండదు కాబట్టి జాకెట్టుకి ఒక పిన్నీసు పెట్టుకుని అటూ ఇటూ మార్చుకోండి, కొన బిడ్డకు తగలకుండా బయటివైపు, మూసి ఉండేలా చూసుకోవాలి.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, కొంచెమే ఉంటాయి. కొంచెమే ఉండాలి కూడా, ఎందుకంటే మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది ఒక టీస్పూనంతే. మూడో రోజుకి 20-30 మిల్లీలీటర్లు, వారానికి 45-60 దాకా పెరుగుతుంది. రెండో రోజుకీ అయిదో రోజుకీ మధ్య ఎప్పుడో రొమ్ములు బరువెక్కి పాలు పడతాయి, తొలి కాన్పు వాళ్లకీ ఆపరేషన్ వాళ్లకీ ఒక రోజు అటూఇటూ అవుతుంది. అంతవరకు ముర్రుపాలే ఆహారం, వాటిని పిండి పారబోయమంటే వినకండి.

4. గుక్క వినండి

ఫ్యాను ఆపి, టీవీ ఆపి, బిడ్డ గొంతు దగ్గర చెవి పెట్టండి. మొదట గబగబా చప్పరిస్తుంది. పాలు చేపుకొచ్చాక దవడ లోతుగా, నెమ్మదిగా కదులుతుంది, ఒకటి రెండు చప్పరింపులకొకసారి మెత్తగా "క" అన్నట్టు ఊపిరితో కలిసి ఒక చప్పుడు వస్తుంది. అదే గుక్క. ముర్రుపాల రోజుల్లో అయిదారు చప్పరింపులకొకటి వినిపించినా చాలు. టక్ టక్‌మని నాలుక చప్పుడు వస్తూ, బుగ్గలు లోపలికి గుంటలు పడుతుంటే తాగుతున్నట్టు కాదు, మళ్లీ 2వ అంకెకి వెళ్లండి.

5. తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి

పుట్టినప్పటి నుంచి 24 గంటల లెక్కన, కనీసం ఇన్ని:

- 1వ రోజు: 1
- 2వ రోజు: 2
- 3వ రోజు: 3
- 4వ రోజు: 4
- 5వ రోజు: 5
- 6వ రోజు నుంచి: 6 లేదా ఎక్కువ

డైపరు వాడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అది పీల్చేసుకుని పైకి పొడిగానే ఉంటుంది. ఒక కొత్త డైపరులో మూడు పెద్ద చెంచాల నీళ్లు, అంటే 45 మిల్లీలీటర్లు పోసి చేతిలో పట్టుకుని చూడండి. పాలు పడ్డాక బాగా తడిసినది సుమారుగా అంత బరువుంటుంది. ఇంకా అనుమానమైతే రెండు రోజులు డైపర్లు మానేసి గుడ్డలే వాడండి, నేనైతే మొదటి పది రోజులూ గుడ్డలే మంచివంటాను. చీకట్లో మార్చిన గుడ్డలకు గీత పెట్టడం మర్చిపోతారు, తడి గుడ్డలన్నీ ఒకే బకెట్లో వేసి పొద్దున లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

రెండో రోజో మూడో రోజో గుడ్డ మీద ఇటుక పొడిలాంటి ఎర్రటి మరక కనిపిస్తే రక్తమని అదిరిపోతారు. తొలి రోజుల్లో మూత్రం చిక్కగా ఉండి అలా వస్తుంది. నాలుగో రోజు దాటాక కూడా అదే రంగు కనిపిస్తుంటే మాత్రం పాలు చాలడం లేదన్నమాట. ఆడపిల్లలకు మొదటి వారంలో కాస్త జిగురు, ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించడం మామూలే.

6. దొడ్డి రంగు మారుతుందో లేదో చూడండి

మొదటి రెండు రోజులు తారులా నల్లగా, జిగటగా. మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా. అయిదో రోజుకల్లా ఆవపిండి కలిపినట్టు పసుపుగా, పలచగా, పలుకులతో, రోజుకి కనీసం మూడు నాలుగుసార్లు. పలచగా ఉందని విరేచనాలు అనుకుని నీళ్ల మందు పోయకండి. అయిదో రోజుకీ నల్లగానే ఉందంటే తాగింది చాలలేదని అర్థం. పుట్టిన 24 గంటల్లో అసలు దొడ్డికి వెళ్లకపోతే డాక్టరుకి చెప్పాలి. సున్నం ముక్కలా తెల్లగా వస్తే, అది ఏ రోజైనా సరే, వెంటనే చూపించాలి.

7. బరువు ఒకే కాటా మీద

తల్లి బిడ్డను ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత తన బరువు తీసేసే పద్ధతి వద్దు. పెద్దల కాటా 100 గ్రాములు ఇటూ అటూ చూపిస్తుంది, మనం వెతుకుతున్న తేడా కూడా అంతే. ఆసుపత్రిలోనో, పీహెచ్‌సీలోనో, అంగన్‌వాడీలోనో పసిపిల్లల కాటా మీద, బట్టలు, మొలతాడుకి కట్టిన బిళ్లలు తీసేసి తూచండి. ఆసుపత్రి కాన్పు అయినవాళ్ల ఇంటికి ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. వాళ్ల దగ్గర కాటా, థర్మామీటరు ఉంటాయి. రాకపోతే మొహమాటపడకుండా ఫోన్ చేసి పిలవండి, పుట్టింటికి వెళ్తే అక్కడి ఆశకు చెప్పండి, ఊరు మారినప్పుడు ఈ రాకపోకలే ముందు తెగిపోతాయి.

అయిదో రోజు నుంచి బరువు పెరగడం మొదలవ్వాలి, 10 నుంచి 14 రోజుల్లోపు పుట్టిన బరువుకి తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకి 20-30 గ్రాములు.

8. కామెర్లు పగటి వెలుతురులో చూడండి

పాలు తక్కువ తాగే బిడ్డకు కామెర్లు ఎక్కువవుతాయి, కామెర్లు ఎక్కువైన బిడ్డ మత్తుగా ఉండి ఇంకా తక్కువ తాగుతుంది. అందుకే దీన్నీ ఇక్కడే రాస్తున్నాను. కిటికీ దగ్గర, ట్యూబులైటు ఆపి, నుదుటి మీద, తర్వాత ఛాతీ మీద, తర్వాత తొడ మీద వేలితో నొక్కి వదిలి చర్మం రంగు చూడండి. చామనఛాయ బిడ్డకు చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు చూస్తే బాగా తెలుస్తుంది. నలుగు పెట్టి, పసుపు రాసిన ఒంటి మీద కామెర్లు కనిపించవు. పసుపు గుడ్డలో చుట్టినా అంతే. కనీసం ఈ రెండు వారాలు బిడ్డకు పసుపు రాయకండి.

రెండు మూడు రోజులకు ముఖం కొంచెం పచ్చబడటం చాలామంది పిల్లల్లో ఉంటుంది. మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరిచేతులు అరికాళ్ల దాకా పాకినా ఆగకూడదు. పొద్దుటెండలో పెడితే పోతాయని వారం ఎదురుచూడటం ప్రమాదం, దానికి ఆసుపత్రిలో ప్రత్యేకమైన దీపాల కింద పెడతారు, ఎండ దానికి బదులు కాదు.

లెక్క తగ్గితే ఏం చేయాలి

ఒక పూట ఒక గీత తగ్గిందని డబ్బా కొనకండి. ఆ 24 గంటలూ ఇలా చేసి చూడండి: బిడ్డను గుడ్డలు లేకుండా మీ ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోండి, రెండు గంటలకొకసారి పట్టండి, బిడ్డ వదిలాక చేత్తో పిండి, వచ్చినంత ఉగ్గుగిన్నెతో పట్టండి. పిండేటప్పుడు బొటనవేలు పైన, చూపుడువేలు కింద, మొనకు రెండు వేళ్ల దూరంలో పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి నొక్కి వదలాలి. మొన లాగితే పాలు రావు. మొదటి ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు, ఆపకండి.

గిన్నెతో పట్టేటప్పుడు బిడ్డను ఒళ్లో సగం కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి పాలు పెదవికి తగిలేదాకానే వంచండి. నోట్లో పోయకండి, బిడ్డే చప్పరించుకుంటుంది. పిండిన పాలు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి, మన మే నెల ఎండల్లో గదిలో 4 గంటలు కూడా నేను ఉంచను.

ఇంత చేసినా లెక్క పెరగకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి. బరువు బాగా తగ్గిందనో, చక్కెర పడిపోయిందనో డాక్టరు డబ్బా పాలు కొన్నాళ్లు ఇమ్మంటే ఇవ్వండి, తప్పు చేసినట్టు కుమిలిపోవద్దు. అప్పుడు కూడా ముందు రొమ్ము, తర్వాతే గిన్నె. మరిగించిన నీళ్లు ఇంకా బాగా వేడిగా (70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా) ఉండగానే ముందు కొలిచి, తర్వాత డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం స్కూపు అంచుకు సమానంగా గీసి పొడి వేయాలి, పట్టే ముందు చల్లారబెట్టి మణికట్టు మీద చుక్క వేసి చూడాలి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ పోసేవాళ్లున్నారు, దాంతో బిడ్డ కడుపు నిండినట్టే ఉండి బరువు పెరగదు. మిగిలినవి పారబోయాలి. ఆవుపాలు, గేదెపాలు నీళ్లు కలిపినా వద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాలు పడేదాకా చక్కెర నీళ్లు, తేనె నాకించడం, వస అరగదీసి పోయడం, కడుపు శుభ్రమవుతుందని ఆముదం, వీధిలోకి వచ్చిన గాడిద పాల చుక్కలు, గ్రైప్ వాటర్. ఇవన్నీ ప్రేమతోనే పెడతారు, నేను కాదనను, కానీ అవి ఆ చిన్న కడుపులో చోటు ఆక్రమించి అది రొమ్మును అందుకునే వేళ తగ్గిస్తాయి. బిడ్డ తాగడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది. తేనె అయితే ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాపాయం కూడా, అందులో ఉండే బ్యాక్టీరియా బీజాలు కండరాలు చచ్చుబడేలా చేయగలవు. ఎండాకాలమైనా మంచినీళ్లు అక్కర్లేదు, తల్లిపాలల్లో 88 శాతం దాకా నీళ్లే. ఆరు నెలలు నిండేదాకా ఇంతే. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు దీనికి మినహాయింపు, అయితే ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లున్న సీసాలూ 800 ఉన్నవీ రెండూ దొరుకుతాయి, సీసా మారిస్తే మోతాదు మళ్లీ అడగండి.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా బిడ్డ రొమ్ము వదలకుండా తాగుతూ, ఏడుస్తూ, మళ్లీ తాగుతుంటే "పాలు అయిపోయాయి" అంటారు. చాలామంది పిల్లలు ఆ పూట అలాగే చేస్తారు. కాగితం చూడండి, గీతలు సరిపోతే పాలు సరిపోయినట్టే. రొమ్ములు మళ్లీ మెత్తబడ్డాయని కూడా ఇలాగే భయపడతారు, అదీ మామూలే.

బాలింత పథ్యం దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని ఆమెకు గ్లాసు నీళ్లు కూడా లెక్కపెట్టి ఇస్తారు, కారప్పొడి అన్నం తప్ప ఏమీ పెట్టరు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 క్యాలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. అంటే రోజూ ఇంకో పూట భోజనమన్నమాట. పప్పు, ఆకుకూరలు, గుడ్లు, పెరుగు, చేపలు అన్నీ తినొచ్చు. వెల్లుల్లి కారం, మునగాకు, మెంతులు, మా కోస్తావైపు సొరచేపతో చేసే సొరపుట్టు ఇష్టమైతే తినండి, కానీ పాలు ఊరేది ముఖ్యంగా బిడ్డ తాగడం వల్లే. దాహమేసినప్పుడల్లా నీళ్లు తాగండి. ఐరన్ మాత్ర కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి, కాల్షియం మాత్రతో కలిపి ఒకేసారి వేసుకోకూడదు.

రొమ్ములు రాయిలా బిగుసుకుపోతే పట్టడం ఆపకండి. పట్టే ముందు వేడి నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టి కొంచెం పిండి మెత్తబరచండి, పట్టాక చల్లటి గుడ్డ. ఒకచోట ఎర్రబడి, చలి జ్వరం వస్తే డాక్టరుకి చూపించుకుని ఆ వైపు కూడా పడుతూనే ఉండండి.

మొదటి వారంలో ఊరికే ఏడుపొస్తుంది, మళ్లీ పోతుంది, చాలామందికి అంతే. రెండు వారాలు దాటినా బెంగ తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనో బిడ్డను ఏమైనా చేస్తాననో ఆలోచనలు వస్తే, ఇంట్లో ఎవరికైనా ఆ మాటే చెప్పండి, టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. అలాంటి ఆలోచనలు వచ్చిన తల్లిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాలు లేవని నలుగురూ అనే మాట ఒక బాలింతను ఎంత కుంగదీస్తుందో నాకు తెలుసు. పక్కనుండేవాళ్లు సాయం చేయాలనుకుంటే గుడ్డలు ఉతికి, గీతలు గీసి, ఆమెకు వేడన్నం పెట్టండి.

ఇవి కనిపిస్తే లెక్కలు ఆపి బయల్దేరండి

- తాగడం మానేసినా, నోట్లో పెట్టినా చప్పరించకపోయినా
- లేపినా లేవకుండా, కదిలిస్తే తప్ప కదలకుండా ఉన్నా
- ఫిట్స్ వచ్చినా
- నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గట్టిగా లోపలికి లాగుతున్నా
- చంకలో పెట్టి చూస్తే 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా ఎక్కువ ఉన్నా, 95.9 కంటే తక్కువ ఉన్నా
- పాలు పడ్డాక 8 గంటలుగా గుడ్డ తడవకపోయినా, మాడు లోపలికి గుంట పడినా
- ఆకుపచ్చగా కక్కుతున్నా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారుతున్నా

ఊపిరి లెక్కపెట్టేటప్పుడు బిడ్డ ఏడవకుండా ఉండాలి, చొక్కా పైకెత్తి పొట్ట చూస్తూ నిమిషం మొత్తం లెక్కించాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది, పసిపిల్లల ఊపిరి ఆగి ఆగి వస్తుంది. 60 వస్తే కాసేపాగి ఇంకోసారి చూడండి, మళ్లీ అంతే వస్తే బయల్దేరాల్సిందే. పొడి సాంబ్రాణి పొగ అసలు వద్దు, అది ఊపిరినే ఇబ్బంది పెడుతుంది. ఒళ్లు 97.7 కంటే చల్లగా ఉంటే ముందు మీ ఛాతీకి ఆనించుకుని వెచ్చబరచండి, గంటకల్లా పెరగకపోతే ఆసుపత్రికి. దారిలో కూడా బిడ్డ మీ ఒంటికి ఆనుకునే ఉండాలి.

108కి ఫోన్ చేయండి. జిల్లా ఆసుపత్రుల్లో జబ్బుపడ్డ పసిపిల్లలకు ప్రత్యేక విభాగం ఉంటుంది, ఎస్ఎన్‌సీయూ అని అడిగితే చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు జబ్బుపడ్డ బిడ్డకు వైద్యం, మందులు, రానుపోను ప్రయాణం జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఆ పేరు చెప్పండి.

14వ రోజు

ఏ ఇబ్బందీ లేకపోయినా ఈ రోజు బిడ్డను తూయించండి. పుట్టిన బరువు దాటితే గీతలు గీయడం ఆపేయొచ్చు. మూడో వారంలో, మళ్లీ ఆరో వారంలో రెండు మూడు రోజులు బిడ్డ ఒక్కసారిగా ఎక్కువ తాగడం మొదలుపెడుతుంది, అప్పుడు అనుమానం వస్తే ఒక రోజు లెక్క చూసుకుంటే చాలు. బరువు ఇంకా రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండరు కాగితం మడిచి తీసుకెళ్లండి. ఎన్నిసార్లు తాగుతోంది, ఎన్నిసార్లు తడుస్తోంది, దొడ్డి ఏ రంగు అని ముందు అడిగేది అవే.